ముందు గాలి వదలండి

ఈసారి ఉత్తరాలు కాస్త ఎక్కువే వచ్చాయి. ఈ శీర్షిక కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక మాట. నేను డాక్టర్ని కాను. 34 ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మాస్టార్ని. వయసు 74. నాకు సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకై ఆయాసం తెచ్చే, ఏళ్ల తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు) ఉందని తెలిసి 11 ఏళ్లు. అంతకు ముందు దాదాపు 30 ఏళ్లు సిగరెట్లు కాల్చాను. దాచి లాభం లేదు, నా దగ్గుకు ముందే తెలుసు. ఏ మందు ఎంత మోతాదు అని నన్నడక్కండి, అది మీ డాక్టరు పని. ఈ జబ్బుతో ఒక రోజు ఎలా గడుస్తుందో మాత్రం నాకు తెలిసినంత చెబుతాను.

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మా నాన్నగారికి 71. సీఓపీడీ అని తేలి ఏడాదిన్నర. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోందని ఆయన్ను కుర్చీలోంచి లేవనివ్వడం లేదు. మంచినీళ్లు, పేపరు, ఫోను అన్నీ చేతికే అందిస్తున్నాం. అయినా ఈమధ్య బాత్రూమ్‌కి వెళ్లొచ్చినా రొప్పుతున్నారు. ఆయనకు ఇంకా ఏం చేస్తే సుఖంగా ఉంటుంది? (ఒక కూతురు)

జవాబు: అమ్మా, ముందు ఆ మంచినీళ్లు అందించడం మానెయ్యండి.

కోప్పడకండి. మొదటి ఏడాది మా ఇంట్లోనూ ఇదే వరస. మా ఆవిడ, మా అబ్బాయి కలిసి నన్ను కుర్చీకి అప్పగించేశారు. నాకూ హాయిగానే ఉండేది. ఏడాది తిరిగేసరికి తొడలు సన్నబడి పంట్లాం జారడం మొదలెట్టింది. పని లేని కండ బలం పోగొట్టుకుంటుంది. ఆ తర్వాత కొద్ది పనికే ఎక్కువ గాలి కావాలని అడుగుతుంది. అంటే ఊపిరితిత్తులు ఎలా ఉన్నా, కాళ్లు పాడవడం వల్ల కూడా ఆయాసం పెరుగుతుంది. ఆయాసమని కదలం, కదలక ఆయాసం. మీ నాన్నగారికి బాత్రూమ్ దూరమైంది ఇందువల్లే అయ్యుండొచ్చు. అయితే గుండె, రక్తహీనత లాంటివి కూడా ఇదే పని చేస్తాయి కాబట్టి, కొత్తగా పెరిగిన ఆయాసం సంగతి ముందు డాక్టరుకు చెప్పండి. అవేమీ లేవని తేలితే పల్మనరీ రీహాబ్ గురించి అడగండి. పేరు పెద్దది గానీ, ఫిజియోథెరపిస్టు దగ్గరుండి నడిపించి, కాళ్లకూ చేతులకూ వ్యాయామం చేయించి, ఊపిరి ఎలా తీయాలో నేర్పే తరగతి అనుకోండి.

నేను 8 వారాలు వెళ్లాను, వారానికి రెండుసార్లు. మొదటి రోజు 6 నిమిషాలు నడవమన్నారు. రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడి, మొత్తం మీద 210 మీటర్లు నడిచాను. ఆఖరి రోజు 285. మళ్లీ స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష) చేస్తే ఊపిరితిత్తుల అంకె మాత్రం పిసరంత కూడా మారలేదు. నేను పాపం ఆశగా అడిగాను కూడా. "మారేది అది కాదు మాస్టారూ, మీ కాళ్లు" అంది ఫిజియో అమ్మాయి.

వ్యాయామంలో ఆయాసం రావాలి. ఇది మీకూ ఆయనకూ కూడా మింగుడుపడని సంగతి. సున్నా నుంచి 10 దాకా ఆయాసానికి మార్కులేస్తే 3, 4 దగ్గర ఉండాలని మాకు నేర్పారు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ ఆయాసం ఆగాక కాసేపట్లో తగ్గిపోతుంది, హాని చేయదు. ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా మాత్రం అక్కడితో ఆపాలి.

ఇప్పుడు అసలు పాఠం. నల్లబల్ల లేదు గానీ లెక్క తేలికే. కుదురుగా కూర్చున్న మనిషి నిమిషానికి 15 సార్లు ఊపిరి తీస్తాడనుకోండి. ఒక్కో శ్వాసకు 4 సెకన్లు. సీఓపీడీలో గాలి గొట్టాలు ఇరుకై, వదిలేటప్పుడు ఇంకా ముడుచుకుంటాయి. కాబట్టి గాలి వెళ్లినంత తేలిగ్గా బయటికి రాదు, వదలడానికి టైము కావాలి. ఇక్కడ మనం గాభరాపడి నిమిషానికి 30 సార్లు పీల్చామనుకోండి, శ్వాసకు దక్కేది 2 సెకన్లే. పూర్తిగా వదలకుండానే మళ్లీ పీలుస్తాం. భాగహారంలో శేషం మిగిలినట్టు కొంత గాలి లోపలే ఉండిపోతుంది. తర్వాతి శ్వాస వచ్చి ఆ శేషం మీద కూర్చుంటుంది. ఇలా నాలుగైదు అయ్యేసరికి ఛాతీ ఉబ్బి బిగుసుకుపోతుంది, పీల్చడానికి చోటు ఉండదు. మనకేమో గాలి చాలడం లేదనిపించి ఇంకా గట్టిగా పీలుస్తాం!

స్పైరోమెట్రీ పరీక్షలో మనల్ని ఊదమనేది కూడా అందుకే. గొట్టాలు తెరిచే మందు ఇచ్చాక ఊదిస్తారు. మొదటి సెకనులో వచ్చిన గాలిని మొత్తం వదిలిన గాలితో భాగిస్తారు. 0.70 కన్నా తక్కువ వస్తే గొట్టాలు ఇరుకయ్యాయని లెక్క. నాది 0.48. జీవితంలో నేను ఫెయిలైన లెక్క అదొక్కటే.

అందుకని నాన్నగారికి ముందు వదలడం నేర్పండి. ముక్కుతో రెండు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, పెదవులు ఈల వేయబోతున్నట్టు చుట్టి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలాలి. ఎదురుగా దీపం ఉందనుకుంటే, మంట ఊగాలి గానీ ఆరకూడదు. పెదవుల దగ్గర ఆ చిన్న అడ్డు ఉండటం వల్ల లోపల గొట్టాలు ముడుచుకోకుండా తెరుచుకుని ఉంటాయి, శేషం బయటికి వస్తుంది. కష్టమైన పని దగ్గర కూడా అంతే. కుర్చీలోంచి లేచేటప్పుడు వదలాలి, వంగేటప్పుడు వదలాలి, మెట్టు మీద కాలేసి ఒళ్లు పైకి లేపేటప్పుడు వదలాలి. మనమంతా సరిగ్గా ఆ క్షణంలోనే ఊపిరి బిగబడతాం. గమనించండి, మీరూ అదే చేస్తుంటారు.

స్నానం సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మగవాళ్లు అడగరు. చేతులు తల మీదికి ఎత్తి రుద్దుకునేటప్పుడు ఆయాసం ఎక్కువవుతుంది. ఆయాసంలో ఊపిరికి సాయం చేసే మెడ, భుజాల కండరాలకు అప్పుడు రెండో పని పడుతుంది. జారని స్టూలు వేసి కూర్చోబెట్టండి. తలుపు గడియ పెట్టొద్దనండి. తుడుచుకోవడానికి తంటాలు పడకుండా ఒంటికి చుట్టుకునే టవల్ గౌను ఒకటి ఇస్తే నీళ్లు అదే పీల్చుకుంటుంది. మా ఇంట్లో దాన్ని చూసి మొదట నవ్వారు.

మంచినీళ్ల గ్లాసు రేపటి నుంచి ఆయన కుర్చీకి ఆరడుగుల దూరంలో పెట్టండి. వారం తర్వాత పది అడుగులు. విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ప్రశ్న: నాకు 68. రెండేళ్లుగా రెండు ఇన్‌హేలర్లు వాడుతున్నాను. ఒకటి నొక్కేది, ఇంకోటి పొడిది. పెద్దగా గుణం లేదు. డాక్టరు మరో మందు కలుపుతానంటున్నారు. ఇవి ఒంటికి అలవాటైపోయి పనిచేయడం మానేశాయా?

జవాబు: అయ్యా, మందు పనిచేయడం మానేసిందో, అసలు పనిచేసే చోటికి వెళ్లడం లేదో ముందు తేల్చుకోండి. నా కథ వినండి. నేను మొదట వెళ్లిన ఆసుపత్రిలో ఇన్‌హేలర్ రాసిచ్చి, బొమ్మల కాగితం ఒకటి చేతిలో పెట్టారు. అంతమంది పిల్లలకు పాఠాలు చెప్పినవాణ్ని, కాగితం చూసి నేర్చుకోలేనా అనుకున్నాను. రెండేళ్ల తర్వాత ఆ ఫిజియో అమ్మాయి "ఏదీ, ఒకసారి చేసి చూపించండి" అంది. దర్జాగా చూపించాను. ఆమె కాసేపు మాట్లాడకుండా ఉండి, "మాస్టారూ, మందంతా నాలుకకే పెడుతున్నారు" అంది. నేను ముందు నొక్కి, ఆ తర్వాత పీలుస్తున్నాను. రెండేళ్లు!

మీ దగ్గరున్న రెండింటికీ పద్ధతి వేరు. ఒకదాని అలవాటు ఇంకోదాని మీద రుద్దడమే చాలామంది చేసే తప్పు. నొక్కేదాన్ని బాగా ఊపాలి. ముందు గాలి వదిలేసి, ఇన్‌హేలర్ నోట్లో పెట్టుకుని దాని చుట్టూ పెదవులు గట్టిగా మూసి, పీల్చడం మొదలవుతుండగా నొక్కాలి. నొక్కాక కూడా మెల్లగా, లోతుగా పీలుస్తూనే ఉండాలి. ఇక్కడ నెమ్మదే ముఖ్యం. తర్వాత 10 అంకెలు, లేదా ఉండగలిగినంతసేపు ఊపిరి బిగబట్టాలి. రెండోసారి నొక్కే ముందు అరనిమిషం నుంచి నిమిషం ఆగాలి. చెయ్యీ ఊపిరీ కలవకపోతే సిగ్గుపడకుండా స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) అడగండి. మందు ముందు ఆ గొట్టంలో నిలుస్తుంది, మీరు తీరిగ్గా పీల్చుకోవచ్చు. దాన్ని సబ్బునీళ్లలో కడిగి దానంతట అదే ఆరనివ్వండి. గుడ్డతో తుడిస్తే లోపల స్టాటిక్ కరెంటు పుట్టి మందు గోడలకే అంటుకుంటుంది.

పొడి ఇన్‌హేలర్‌ది దీనికి తలకిందులు. దానిలో తోసే గ్యాసు ఉండదు, పొడిని లాగాల్సింది మీ ఊపిరే. కాబట్టి మొదటి నుంచే గట్టిగా, వేగంగా, లోతుగా పీల్చాలి. గాలి ముందుగా వదలాలి గానీ, మూతి పక్కకు తిప్పి వదలాలి. దానిలోకి ఊదారంటే పొడి తేమకు ముద్దవుతుంది. అంత గట్టిగా పీల్చే ఓపిక లేదనిపిస్తే ఆ మాట డాక్టరుతో అనండి, వేరే రకం ఇస్తారు. చెప్పకపోతే ఆయనకెలా తెలుస్తుంది?

స్టెరాయిడ్ ఉన్నదైతే వాడిన ప్రతిసారీ నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. లేకపోతే నోట్లో తెల్లటి పూత వస్తుంది, గొంతు బొంగురుపోతుంది.

ఇంకో సంగతి. వెంటనే ఆయాసం తగ్గించే మందు వేరు, రోజూ వేళకు వాడుతూ గొట్టాలను తెరిచి ఉంచే మందు వేరు. రెండోదాన్ని పీల్చి, ఐదు నిమిషాలు చూసి, గుణం లేదని పక్కన పడేసేవాళ్లు నాకు చాలామంది తెలుసు. మీరు పొడిది ఏ లెక్కన వాడుతున్నారో నాకు రాయలేదు. ఈసారి వెళ్లేటప్పుడు రెండూ జేబులో వేసుకెళ్లి డాక్టరు ఎదురుగానే వాడి చూపించండి. మూడో మందు సంగతి ఆ తర్వాత.

ప్రశ్న: నేను ఎప్పుడూ సిగరెట్ ముట్టలేదు. కట్టెల పొగలో మాత్రం చాలా ఏళ్లు వంట చేశాను. ఇప్పుడు 66. మణికట్టు దగ్గర రక్తం తీసి చూసి, ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టుకోమన్నారు. పెట్టుకుంటే దానికి అలవాటుపడిపోతానని భయం. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే పెట్టుకుంటే చాలదా?

జవాబు: చెల్లెమ్మా, కట్టెల పొగతో ఈ జబ్బు రావడం ప్రపంచమంతా ఉన్నదే. "నువ్వెప్పుడు కాల్చావమ్మా" అని ఎవరైనా ఎకసెక్కంగా అడిగితే వాళ్లను నా దగ్గరికి పంపండి.

అలవాటు మాటకొస్తే, మామూలు గాలిలోనే 21 శాతం ఆక్సిజన్ ఉంది. పుట్టినప్పటి నుంచీ మనందరికీ ఉన్న అలవాటే అది. మీ రక్తంలో తక్కువైంది కాబట్టి మందులా ఇస్తున్నారు. సాధారణంగా విశ్రాంతిగా ఉన్నప్పుడు రక్తంలో ఆక్సిజన్ అంకె (వేలికి తగిలించే మీటరు చూపించేది) 88 శాతమో అంతకన్నా తక్కువో ఉంటేనే రాస్తారు. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే పెట్టుకుంటే చాలదు. ఆయాసానికీ ఆక్సిజన్ అంకెకూ సూటి లెక్క లేదు. నాకు రొప్పుతున్నప్పుడు కూడా 94 చూపించిన రోజులున్నాయి, హాయిగా కూర్చున్నా 87 ఉండేవాళ్లూ ఉన్నారు. ఆక్సిజన్ తక్కువై గుండె మీద పడే భారం తగ్గాలంటే ఎక్కువ గంటలు కావాలి.

1981లో అచ్చైన బ్రిటన్ పరిశోధన ఒకటుంది. మీలాంటివాళ్లను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ ఇచ్చారు, రెండో జట్టుకు ఇవ్వలేదు. ఐదేళ్లలో ఆక్సిజన్ పెట్టుకున్న 42 మందిలో 19 మంది చనిపోయారు, పెట్టుకోని 45 మందిలో 30 మంది. చిన్న జట్లే గానీ తేడా చూడండి. ఆ 15 గంటలు అక్కడి నుంచి వచ్చినవే. నిద్రలో ఎనిమిది ఎలాగూ గడుస్తాయి. మిగతావి టీవీ ముందు, పేపరు ముందు గడిపేయొచ్చు.

రెండు జాగ్రత్తలు మాత్రం గట్టిగా చెబుతాను. ఆయాసంగా ఉందని మీరే నాబ్ తిప్పి ఆక్సిజన్ పెంచుకోవద్దు. మనలో కొందరికి ఆక్సిజన్ మోతాదు మించితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని పొద్దున్నే తలనొప్పి, మగత వస్తాయి. అలాంటివాళ్లకు 88 నుంచి 92 మధ్య ఉంటే చాలంటారు. 98 కోసం పరుగెత్తక్కర్లేదు. రెండోది నిప్పు. పొయ్యికి, దీపానికి, సిగరెట్ కాల్చే మనిషికి కనీసం 3 మీటర్ల దూరం ఉండాలి. ముక్కు ఎండిందని వాజెలిన్ రాయొద్దు, నీళ్లతో చేసిన జెల్ ఉంటుంది, అది అడగండి. ఇక గొట్టం కాలికి తగులుతుంది చూసుకోండి. కరెంటు పోతే వాడుకోవడానికి చిన్న సిలిండరు సంగతి ముందే మాట్లాడిపెట్టుకోండి.

ప్రశ్న: 70 దాటాక సిగరెట్ మానితే ఏం ఒరుగుతుంది? పోయింది ఎలాగూ తిరిగి రాదు కదా.

జవాబు: రాదు. ఉన్నది నిలుస్తుంది. పొగ మానితే ఊపిరితిత్తులు దిగజారే వేగం, ఎప్పుడూ కాల్చని మనిషికి వయసుతో తగ్గే వేగానికి దగ్గరగా వస్తుందని ఫ్లెచర్, పీటో అనే ఇద్దరు పరిశోధకులు 1977లోనే గీత గీసి చూపించారు. నేను 63వ ఏట మానేశాను, మూడో ప్రయత్నంలో. మొదటి రెండుసార్లూ మొండితనంతో మానబోయి ఓడిపోయాను, మూడోసారి డాక్టరు ఇచ్చిన నికోటిన్ పట్టీలతో మానాను.

ప్రశ్న: అన్నం తినగానే ఆయాసం. తినాలంటేనే భయమేసి ఆరు నెలల్లో 5 కిలోలు తగ్గాను.

జవాబు: కడుపు నిండితే పైనున్న డయాఫ్రమ్‌ను (ఊపిరితిత్తుల కింద ఉండి ఊపిరి తీయించే కండర పొరను) తోస్తుంది. ఉబ్బిన ఊపిరితిత్తులు పైనుంచి అప్పటికే దాన్ని నొక్కుతుంటాయి. మూడుసార్లు తినేది ఆరుసార్లుగా చేసుకోండి, తినే ముందు పావుగంట విశ్రాంతి తీసుకోండి, నములుతూ మాట్లాడకండి. బరువు తగ్గడం మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఊపిరి తీయడానికే మనకు మామూలు మనిషికన్నా ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. 5 కిలోల సంగతి ఈ వారమే డాక్టరుకు చెప్పండి.

ప్రశ్న: మావారికి రాత్రి రెండింటికి హఠాత్తుగా ఆయాసం వస్తుంది. లేచి కూర్చుని "చచ్చిపోతున్నా" అంటారు. నాకు చేతులు వణుకుతాయి. అంబులెన్స్ పిలవాలా, ఆగాలా అర్థం కాదు. పిలిస్తే వాళ్లు వచ్చేసరికి తగ్గిపోతుంది. ఆ టెన్షన్‌తో నాకు నిద్ర కరువైంది.

జవాబు: అమ్మా, ఆ మాట నేనూ అన్నవాణ్నే. అన్న ప్రతిసారీ మా ఆవిడ ముఖం చూసి ఇంకా భయపడేవాణ్ని. ఆయాసం భయాన్ని పుట్టిస్తుంది, భయం శ్వాస వేగాన్ని పెంచుతుంది, పైన చెప్పిన శేషం పేరుకుంటుంది.

మేం చేసే పని చెబుతాను. మంచం అంచున కూర్చుని, ముందుకు వంగి, రెండు దిండ్లు పెట్టిన బల్ల మీద మోచేతులు ఆనిస్తాను. చేతులకు ఆసరా దొరికితే భుజాల కండరాలు ఊపిరికి సాయపడతాయి. డాక్టరు రాసిన త్వరగా పనిచేసే ఇన్‌హేలర్ స్పేసర్‌తో పీలుస్తాను. మా ఆవిడ బ్యాటరీతో తిరిగే చేతి ఫ్యాను నా ముక్కుకూ పెదవులకూ తగిలేలా పట్టుకుంటుంది. నవ్వకండి. ముఖానికి ఒకసారి, కాలికి ఒకసారి ఫ్యాను గాలి తగిలించి పోల్చి చూశారు, ముఖానికి తగిలినప్పుడే ఆయాసం తగ్గింది. ముఖం మీది నరాలు చల్లగాలిని పసిగట్టి మెదడుకు ధైర్యం చెబుతాయట. ఆమె "పీల్చు, పీల్చు" అనదు. ఒకే మాట అంటుంది, "వదులు" అని. పైగా నెమ్మదిగా అంటుంది. ఇది నేర్చుకోవడానికి మాకు ఏడాది పట్టింది. పగలు మామూలుగా ఉన్నప్పుడే నాలుగుసార్లు రిహార్సల్ వేసుకోండి. అర్ధరాత్రి కొత్త పాఠం ఎక్కదు.

ఎప్పుడు పిలవాలి? ఒక వాక్యం కూడా పూర్తి చేయలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, మగతగానో తికమకగానో మాట్లాడుతున్నా, ఛాతీలో నొప్పి ఉన్నా, ఇన్‌హేలర్‌తో తగ్గకపోయినా వెంటనే పిలవండి. అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది మగతకే. గోల చేసే మనిషి హఠాత్తుగా నెమ్మదిస్తే నిద్ర పట్టిందనుకుని వదిలేయకండి. అంబులెన్స్ వచ్చేలోగా తగ్గిపోతే తగ్గనివ్వండి, అనవసరంగా పిలిచామని చిన్నబోకండి. రాత్రి ఆయాసానికి గుండె కూడా కారణం కావచ్చు. కాబట్టి ఇది ఎన్నిసార్లు వచ్చిందో తేదీలతో రాసి డాక్టరుకు చూపించండి. కఫం పసుపుగానో ఆకుపచ్చగానో మారి, ఎక్కువై, ఆయాసం పెరిగితే రాత్రి దాకా కాచుకోకుండా ఆ రోజే ఫోన్ చేయండి. ఫ్లూ టీకా ఏటా, న్యుమోనియా టీకా డాక్టరు చెప్పినట్టు వేయించుకుంటే అలాంటి రోజులు కొన్నైనా తగ్గుతాయి.

మీ నిద్ర గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు. వారానికి రెండు రాత్రులు ఇంకెవరైనా ఆ గదిలో పడుకునే ఏర్పాటు చేసుకోండి. ఈ మాట మీవారు ఒప్పుకోకపోతే, మాస్టారు చెప్పారనండి.

ప్రశ్న: అందరికీ నడవండి, మెట్లెక్కండి అంటారు కదా, మీరు లిఫ్టు ఎక్కరా మాస్టారూ?

జవాబు: ఎందుకెక్కను? చేతిలో సామాను ఉంటే ఎక్కుతాను. జలుబు చేసినా, మనసు బాగోకపోయినా ఎక్కుతాను. మిగతా రోజుల్లో మా అంతస్తుకు 18 మెట్లు, ఆరో మెట్టు దగ్గర ఒకసారి, పన్నెండో మెట్టు దగ్గర ఒకసారి ఆగుతాను. మొన్న మా మనవరాలు నాతో పాటే ఆగి, "తాతయ్యా, ఇక్కడ నీకో కుర్చీ వేయించమననా?" అంది. వద్దన్నాను. కూర్చుంటే మళ్లీ లేవాలి కదా.